అంట్లు అంటని చేతులు

గత వేసవిలో ఒక ఆదివారం పొద్దున నల్లగండ్లలో మేముంటున్న అపార్టుమెంట్ల క్లబ్ హౌస్‌లో ఒక శిక్షణ తరగతి జరిగింది. రసాయనాలు లేకుండా ఇంటిని శుభ్రం చేసుకోవడం ఎలా అన్నది విషయం. మనిషికి రెండు వందలు. ముప్పై మంది దాకా వచ్చాం, అందరం ఆడవాళ్ళమే. మగవాళ్ళు ఇద్దరు వచ్చారు గానీ ఒకాయన మైకు సరిచేసి, ఇంకొకాయన ఫొటోలు తీసి వెళ్ళిపోయారు. బల్ల మీద పెద్ద ప్లాస్టిక్ సీసాలు, బత్తాయి తొక్కలు, నిమ్మ తొక్కలు, బెల్లం, కుంకుడుకాయలు, వెనిగర్, తినే సోడా. శిక్షణ ఇచ్చినావిడ చక్కగా మాట్లాడింది. ప్రతి పద్ధతినీ 'మా అమ్మమ్మ' అంటూ మొదలుపెట్టింది. వింటున్న వాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు తమ అమ్మమ్మల్ని తలుచుకున్నారు. నేనూ తలుచుకున్నాను.

హాలు చివర గోడకి ఆనుకుని ఏడుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మా ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు. ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వాళ్ళని ఎవరూ కూర్చోవద్దనలేదు, కూర్చోమనీ అనలేదు. అందులో మా ఇంట్లో పనిచేసే ఆమె కూడా ఉంది. ఆమెని రమ్మన్నది నేనే. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఈ వ్యాసంలో నేను చేయబోయే ఆరోపణలు చాలావరకు నాకూ వర్తిస్తాయి.

మూడు వారాల తర్వాత అసోసియేషన్ నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. చెరువుల్ని కాపాడుకోవడానికీ, మురుగుశుద్ధి ప్లాంటు మీద భారం తగ్గించడానికీ వచ్చే నెల నుంచి అన్ని ఫ్లాట్లలోనూ సహజమైన శుభ్రపరిచే ద్రవాలే వాడాలని, పనివారికి ఇప్పటికే శిక్షణ ఇచ్చాం కాబట్టి ఇబ్బంది ఉండదని అందులో రాశారు. ఒకటో తారీఖున ఆ పనివారు వచ్చి ఇంటికి ఐదు వందలు పెంచమని అడిగారు. అప్పుడు మొదలైంది గొడవ. "తొక్కలు మనవి, బెల్లం మనది, చేసిపెట్టేది మనం. వాళ్ళకి డబ్బులెందుకు?" అన్నారు. చదువుకున్న ఆడవాళ్ళు, ఉద్యోగాలు చేస్తున్న ఆడవాళ్ళు, ఆఫీసులో అరగంట ఎక్కువ కూర్చోబెడితే మానవ వనరుల విభాగానికి ఉత్తరం రాయగలిగిన ఆడవాళ్ళు అన్నారు.

డబ్బులెందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

నేను కుంకుడుకాయలకి వ్యతిరేకిని కాను. ఏడాదికి పైగా ఇంట్లో ఇవన్నీ చేశాను, ఇప్పటికీ కొన్ని చేస్తున్నాను. థాయిలాండ్‌కి చెందిన డాక్టర్ రోసుకాన్ పూంపన్‌వాంగ్ ప్రచారంలోకి తెచ్చిన బయో ఎంజైమ్ పద్ధతి ఇప్పుడు కొండాపూర్ నుంచి కోకాపేట దాకా బోలెడన్ని బాల్కనీల్లో కనిపిస్తుంది. ఒక వంతు బెల్లం, మూడు వంతుల తొక్కలు, పది వంతుల నీళ్ళు. తొంభై రోజులు పులియనివ్వాలి. మొదటి నెల రోజూ మూత తీసి గాలి వదలాలి, లేకపోతే సీసా ఉబ్బి పగులుతుంది. మూడు నెలలకి తయారయ్యేది నిజానికి ఒక బలహీనమైన పులుసు, వెనిగర్‌కి చుట్టం. గ్రానైట్ గట్టు మీద జిడ్డు తీస్తుంది. వాసన బాగుంటుంది. పాలరాతి నేల మీద పోస్తే మెరుపు తినేస్తుంది, ఆ సంగతి శిక్షణలో చెప్పలేదు. వెనిగర్‌నీ తినే సోడానీ ఒకే సీసాలో కలపమని చెప్పారు. కలిపితే బుస్సుమని పొంగుతుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. పదో తరగతి రసాయన శాస్త్రం గుర్తున్నవాళ్ళకి తెలుసు, ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపేసుకున్నాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళ లాంటిదేనని. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి.

కుంకుడుకాయ సంగతి వేరు. అందులో ఉన్న సపోనిన్ నిజంగానే మురికిని వదిలిస్తుంది. మా ప్రాంతపు బోరు నీళ్ళ ఉప్పదనానికి సబ్బు విరిగిపోయి బకెట్ అంచుకి తెల్లగా పేరుకుంటుంది గానీ కుంకుడు రసం అలా విరగదు. కానీ కాయ పగలగొట్టి గింజ తియ్యాలి. రాత్రి నానబెట్టాలి. పొద్దున ఉడకబెట్టాలి, చల్లారాక పిసకాలి, వడకట్టాలి. బయట ఉంచితే మూడు నాలుగు రోజుల్లో పులుస్తుంది కాబట్టి వారం వారం ఇదే తంతు. చిన్నప్పుడు తలంట్లప్పుడు కళ్ళల్లో పడ్డవాళ్ళెవరూ కుంకుడు రసం పరమ సాధువని అనరు.

కాయ మన ఇంటికి వచ్చేలోపే దాని మీద కొన్ని చేతులు పడి ఉంటాయి. విశాఖపట్నం కేంద్రంగా 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ ఏజెన్సీలో కొనే అటవీ ఉత్పత్తుల్లో చింతపండు, తేనెతో పాటు కుంకుడుకాయలూ ఉన్నాయి. ఏరేది, ఎండబెట్టేది, మోసుకొచ్చేది ఎక్కువగా ఆదివాసీ స్త్రీలే. గింజ తీసిన కాయలు కాస్త ఎక్కువ ధరకి దొరుకుతాయి. ఆ కాస్త ఎక్కువ ఎవరి వేళ్ళదో సంచీ మీద రాసి ఉండదు.

హెంకెల్ అనే జర్మన్ సబ్బుల కంపెనీలో పనిచేసిన హెర్బర్ట్ జిన్నర్ అనే రసాయన శాస్త్రవేత్త 1959లో ఒక మాట చెప్పాడు. ఈ పరిశ్రమలో అది బాలశిక్ష లాంటిది. దేన్ని శుభ్రం చేయాలన్నా నాలుగు కావాలి. రసాయనం, వేడి, రాపిడి, సమయం. ఒక వృత్తాన్ని నాలుగు ముక్కలు చేసినట్టు ఊహించుకోండి. ఒక ముక్కని తగ్గిస్తే మిగతా మూడింటిలో ఏదో ఒకటి ఆ మేరకు పెరగాల్సిందే. వృత్తం మాత్రం తగ్గదు. కంపెనీ వాళ్ళకి ఇది బట్టలుతికే యంత్రాల లెక్క. నాకు మాత్రం ఇది స్త్రీవాద అర్థశాస్త్రంలా కనిపించింది. మన ఇళ్ళల్లో రసాయనాన్ని తగ్గించాం. వంటింటి సింకుకి వేడినీళ్ళ కనెక్షన్ లేదు, ఉన్నా పనామె వచ్చే వేళకి గీజర్ వెయ్యం. ఇక మిగిలినవి రాపిడి, సమయం. రాపిడి అంటే ఒకరి భుజం, సమయం అంటే ఒకరి పొద్దు.

ఇది నిజమో కాదో చూద్దామని ఒక నెలపాటు గోడ గడియారం పెట్టుకుని లెక్క రాశాను. పరిశోధన అలవాటు, పోదు. బాత్రూం పలకల మీద బోరు నీళ్ళ తెల్లమరకలు బజారు ద్రవంతో పన్నెండు నిమిషాల్లో పోయేవి. ఎంజైమ్ చల్లి అరగంట నాననిచ్చాక కూడా ముప్పై అయిదు నిమిషాలు తోమాలి, మర్నాడు మళ్ళీ ఒక చుట్టు. మాడిన పాలగిన్నె మూడు నిమిషాల నుంచి ఎనిమిదికి వెళ్ళింది. అన్నీ కలిపితే వారానికి అయిదు గంటల ఇరవై నిమిషాలు ఎక్కువ పని. అందులో తొక్కలు తరగడం, కుంకుళ్ళు ఉడకబెట్టడం నా వంతు, గంటా యాభై నిమిషాలు. తోముడు ఆమె వంతు, మూడున్నర గంటలు. నా సహచరుడు కారులోంచి కుంకుళ్ళ సంచీ పైకి తెచ్చాడు, నాలుగు నిమిషాలు. అది లెక్కలో వేయలేదు.

ఆమెకి మేమిస్తున్నది నెలకి 4,500. అంట్లు, ఊడ్చి తుడవడం, బాత్రూములు. రోజుకి గంటన్నర చొప్పున నెలకి 45 గంటలు, అంటే గంటకి వంద. నెలకి పద్నాలుగు గంటల పని పెరిగింది కాబట్టి పెరగాల్సింది 1,400. వాళ్ళడిగింది ఐదు వందలు! అత్యాశ అన్న మాట ఎవరికి సరిపోతుందో చూడండి.

ఆమెని అడిగాను. సిద్ధిక్ నగర్‌లో ఉంటుంది, నారాయణపేట దిక్కు నుంచి వచ్చిన కుటుంబం. పేరు రాయొద్దంది. నేను అక్కా అంటాను, ఆమె మేడం అనడం మానలేదు. "చేతులకు మంచిగనే ఉంది మేడం, ఆ యాసిడ్ తీర్గ మంట లేదు, చర్మం పగుల్తలేదు. కాని టైం ఎవరిస్తరు? నాలుగిండ్లు చేస్త నేను. మూడు గంటలకు పోయేదాన్ని అయిదున్నర అయితుంది. పిల్ల బడికెంచి వచ్చి తాళం కాడ కూసుంటుంది" అంది. నేను చదివిన ఏ పర్యావరణ వ్యాసంలోనూ ఆ తాళం దగ్గర కూర్చున్న పిల్ల లేదు. మొదటి వాక్యాన్ని కూడా మరిచిపోవద్దు. మంట లేదంది, చేతులకు మంచిదంది. ఇష్టం లేక గొడవ చేస్తున్నారన్న వాళ్ళకి ఆ వాక్యమే జవాబు. ఆమె అడిగింది వస్తువుని మార్చమని కాదు, తన పొద్దుని లెక్కలోకి తీసుకోమని.

ఇప్పుడు అమ్మమ్మల సంగతి. మా అమ్మమ్మది మధిర దగ్గర పల్లె. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమితే అద్దాల్లా ఉండేవని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. తోమింది అమ్మమ్మ కాదు. దొడ్లో నూతి పక్కన గోళెం దగ్గర బూడిద, కొబ్బరి పీచు పెట్టుకుని తోమిన మనిషి వేరే ఉంది. ఆమె తోమి బోర్లించిన గిన్నెల మీద అమ్మమ్మ మళ్ళీ నీళ్ళు చల్లి లోపలికి తీసుకునేది. ఆమె బూడిదతో తీసింది మురికిని. అమ్మమ్మ నీళ్ళు చల్లి తీసింది ఆమె స్పర్శని. శుభ్రం ఒకరి పని, శుద్ధి ఇంకొకరి హక్కు. క్లబ్ హౌస్‌లో మేమంతా తలుచుకున్న అమ్మమ్మల కథల్లో ఎక్కడా ఈ రెండో మనిషి రాలేదు. ఆ మనిషి మనవరాలు గోడకి ఆనుకుని నిలబడి వింటోందేమో.

భాష మనకంటే నిజాయితీగా ఉంటుంది ఒక్కోసారి. తోమాల్సిన గిన్నెల్ని మనం అంట్లు అంటాం. ముట్టుని అంటు అన్నాం. ముట్టుకోకూడదన్న మనుషుల్ని అంటరానివాళ్ళన్నాం. ఎంగిలి గిన్నె, నెలసరిలో ఉన్న ఆడది, ఊరి బయట మనిషి, ముగ్గురికీ ఒకే ధాతువు. ఏ రసాయనంతో తోమాలన్న ప్రశ్న ఈ దేశంలో ఎప్పుడూ ఒంటరిగా లేదు, ఎవరు తోమాలన్న ప్రశ్న దాని వెనకే ఉంది. 'సహజం' అనే మాట రెండో ప్రశ్నని మింగేస్తోంది. కులవృత్తిని కూడా ఒకప్పుడు సహజం అనే అన్నారు.

బట్టల సంగతీ అంతే. డిటర్జెంట్లు రాకముందు చౌడు మట్టితో, బానల్లో ఉబ్బకి వేసి, బండ మీద బాది ఉతికేవారు. అచ్చమైన సహజ పద్ధతి. తెలంగాణలో అది చాకలి కులం మీద వేసిన వెట్టి కూడా. దొర గడీ బట్టలు ఊరికే ఉతకాలి. ఆ కులంలో పుట్టి పాలకుర్తిలో దొరకి ఎదురుతిరిగిన చిట్యాల ఐలమ్మ పేరుని 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం. పేరు పెట్టుకోవడం బాగుంది. ఆమె తిరస్కరించిన ఊరికే చేసే చాకిరీని మాత్రం 'పాతకాలపు పద్ధతులు' అని అందమైన కాగితంలో చుట్టి అమ్ముకుంటున్నాం. బాధ కలిగించేది ఇదే.

నేను సాహిత్యం చదువుకున్న మనిషిని కాబట్టి మన వైపు కూడా చూసుకోవాలి. 1883లో వీరేశలింగం 'సతీహితబోధిని' మొదలుపెట్టిన నాటి నుంచి 1928లో కేసరి గారి 'గృహలక్ష్మి' మీదుగా నిన్నమొన్నటి వారపత్రికల గృహాలంకరణ పేజీల దాకా ఆడవాళ్ళకి అక్షరం ఇచ్చిన చేతే చీపురు కూడా ఇచ్చింది. చదువుకున్న స్త్రీ మంచి ఇల్లాలు అవుతుందన్న హామీ మీదే మన చదువు మొదలైంది. ఆ గొంతు ఎంత బలమైందంటే, 'ఇల్లాలి ముచ్చట్ల'ని పురాణం సుబ్రహ్మణ్యశర్మ భార్య పేరు పెట్టుకుని 'పురాణం సీత'గా రాశారు. ఇవాళ ఆర్గానిక్ లిక్విడ్ సీసా మీద 'ప్రేమతో అమ్మ' అని రాసే మార్కెటింగ్ మేనేజర్ ఆయన వారసుడే. (ముచ్చట్లు మాత్రం హాయిగా చదివిస్తాయి, అది ఒప్పుకోవాలి.)

స్త్రీవాదులం వచ్చి ఆ గొంతుని నిలదీశాం. విమల 'వంటిల్లు' ఎంతమంది ఆడవాళ్ళ కడుపులో మాటని బయటికి తెచ్చిందో నేను చెప్పక్కర్లేదు, మనలో చాలామంది స్త్రీవాదులైంది అలాంటి కవితలు చదివే. కానీ ఒక్క ప్రశ్న. వంటింటి మీద ఇన్ని కవితలు, ఇన్ని కథలు రాసినవాళ్ళం బాత్రూం మీద ఎన్ని రాశాం? మరుగుదొడ్డి మీద ఎన్ని? వెతికితే నాకు దొరికినవి బహు తక్కువ. కారణం వెతకడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. వంట మనం చేశాం, అందుకే దాని బరువు తెలిసింది. దొడ్డి ఇంకొకరు కడిగారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చి దళిత స్త్రీల రచనల్ని ఒకచోట పెట్టినప్పుడు మనం సమీక్షలు రాశాం, సభలు పెట్టాం. మన ఇంటి వెనక తలుపు గురించి మాత్రం మాట్లాడుకోలేదు. మా అపార్టుమెంట్లలో ఆ వెనక తలుపుకి ఇప్పుడు సర్వీస్ లిఫ్ట్ అని పేరు. కుక్కకి మాత్రం ముందు లిఫ్ట్‌లో ప్రవేశం ఉంది.

"మరి చెరువులు?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. వానలు గట్టిగా పడ్డప్పుడు ఆల్విన్ కాలనీ దగ్గర ధరణీనగర్ ఇళ్ళ మధ్యకి నాలాలోంచి తెల్లటి నురగ కొట్టుకురావడం కొన్నేళ్ళుగా చూస్తున్నాం. మంచు కురిసినట్టు ఫొటోలు వస్తాయి. అక్కడి పిల్లలకి ఒళ్ళు దురదలు వస్తాయి. ఆ నురగలో మన సబ్బులూ ఉన్నాయి, శుద్ధి చేయకుండా వదిలిన మురుగూ ఉంది, కార్ఖానాల వ్యర్థాలూ ఉన్నాయి. ఇప్పటి డిటర్జెంట్లలో వాడే రసాయనాలు గాలి బాగా తగిలే శుద్ధి ప్లాంటులో చాలావరకు విరిగిపోతాయి. ప్రాణవాయువు లేని నల్లటి మురుగులో విరగవు. అంటే అసలు ప్రశ్న ప్లాంటు నడుస్తోందా లేదా అన్నది. 1998 నవంబర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించిన తర్వాత ఈ రాళ్ళగుట్టల మీద ఎన్ని లక్షల చదరపు అడుగులు లేచాయో, ఆ కట్టడాల మురుగు ఎటు పోయిందో, దుర్గం చెరువులో గుర్రపుడెక్క ఎందుకు పెరిగిందో అడగాల్సింది బిల్డర్లని, ప్రభుత్వాన్ని. 2020లో అదే చెరువు మీద తీగల వంతెన వేసి రంగురంగుల దీపాలు పెట్టారు. కింద నీళ్ళ వాసన సంగతి నడిచి వెళ్ళేవాళ్ళకి తెలుసు.

మా ప్లాంటు మోటారు రాత్రిపూట ఆపేస్తున్నారని, కరెంటు బిల్లు తగ్గించడానికని ఒకావిడ మీటింగులో అడిగింది. జవాబు రాలేదు. మోటారు నడపడానికి అయ్యే ఖర్చు మగవాళ్ళు ఎక్కువగా ఉన్న కమిటీ నిర్ణయించాలి, దానికి బడ్జెట్ ఉంటుంది, చర్చ ఉంటుంది. బత్తాయి తొక్కకి బడ్జెట్ లేదు. అందుకే చెరువుని కాపాడే బాధ్యత ఇంత సులువుగా వంటింట్లోకి వచ్చి పడింది. కాలుష్యం లిమిటెడ్ కంపెనీలది, ప్రాయశ్చిత్తం ఇల్లాలిది. ఆ ఇల్లాలు దాన్ని కొంత తాను చేసి మిగతాది తనకంటే కిందనున్న ఆడదాని చేతికి మార్చేస్తోంది.

ఇంకో విషయం కూడా జ్ఞాపకం చేయాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇదే ప్రాంగణంలో గేటు దగ్గర నుంచి లిఫ్ట్ బటన్ల దాకా హైపోక్లోరైట్ పిచికారీ చేశారు. కళ్ళు మండాయి. ఆ రోజుల్లో పనివాళ్ళని గేటు లోపలికి రానివ్వలేదు, చాలా ఇళ్ళల్లో ఆ నెలల జీతాలూ ఇవ్వలేదు. అప్పుడు ప్రమాదం వాళ్ళ ఒంటి మీద ఉందన్నాం, ఇప్పుడు సీసాలో ఉందంటున్నాం. రెండుసార్లూ వాళ్ళని అడగలేదు.

యాసిడ్ గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఇంట్లోంచి మొదట పోవాల్సింది అదే, దానికి ఏ అమ్మమ్మ సిఫారసూ అక్కర్లేదు. మరుగుదొడ్డి కడిగే ద్రవాల్లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పొరపాటున బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, కిటికీ లేని చిన్న బాత్రూంలో మోకాళ్ళ మీద కూర్చుని కడుగుతున్న మనిషి దాన్ని పీలుస్తుంది. యాసిడ్ సీసాకి ఇంకో చరిత్ర కూడా ఉందని ఈ పత్రిక చదివేవాళ్ళకి గుర్తుచేయక్కర్లేదు. 2008 డిసెంబర్లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, వాళ్ళలో ఒకమ్మాయి చనిపోయింది. బజార్లో యాసిడ్ విచ్చలవిడి అమ్మకాల మీద సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టడానికి 2013 దాకా పట్టింది. ఇంటి శుభ్రత పేరుతోనే అది అన్నాళ్ళు ప్రతి కిరాణా కొట్టులో దొరికింది. కాబట్టి గాఢమైన రసాయనాన్ని బయటికి పంపడం నాకూ ముఖ్యమే. దాని స్థానంలో వచ్చే అరగంట ఎవరిదన్నదే తేలాలి.

లెక్క తేల్చాలనుకుంటే దారులున్నాయి. 2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేస్తామన్న ఆడవాళ్ళు దాని మీద రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, చేస్తామన్న మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. ఆ రెండు వందల నిమిషాల తేడాలో కుంకుళ్ళు పిసకడానికి బోలెడు చోటుంది, మగవాళ్ళ వైపున. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల షెడ్యూల్లో చేర్చారు. మా ప్రాంగణంలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమందని అడిగితే, అదేంటన్నట్టు చూశారు. ఇంటిపనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికని మన దేశం ఇంకా ఆమోదించలేదు. చట్టం లేనిచోట మన మర్యాద ఎంతో ఐదు వందల దగ్గర తెలిసిపోయింది.

మీటింగులో నా గడియారం లెక్కలు చదివాను. కొందరు నవ్వారు. "ప్రతిదాన్నీ రాజకీయం చేస్తారు మీరు" అంది ఒకావిడ, నాకు స్నేహితురాలే. ఇంకొకావిడ మాట నన్ను నిజంగా ఆలోచింపజేసింది. ఆమె ఉద్యోగం మానేసి ఇద్దరు పిల్లలతో ఇంట్లో ఉంటోంది. "నేను పొద్దున్నుంచి రాత్రిదాకా చేస్తే నాకెవరిస్తున్నారు గంటకి వంద? నేను ఊరికే చేస్తున్నప్పుడు ఆమె చేస్తే తప్పేంటి?" అంది. ఆ కోపం నిజమైంది. కానీ అది వెళ్ళాల్సిన వైపు వెళ్ళలేదు. తనకి దక్కని జీతాన్ని సోఫాలో కూర్చున్న భర్తని అడగడానికి బదులు, నేల తుడుస్తున్న మనిషికి కూడా దక్కకూడదంటోంది. పితృస్వామ్యానికి ఇంతకన్నా చవకైన సూపర్‌వైజర్ దొరకదు. ఈ మాట ఆమె ముందు అనలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

చివరికి పదకొండు ఇళ్ళు ఐదు వందలు పెంచాయి. కొన్ని ఇళ్ళు చప్పుడు చేయకుండా పాత ఆకుపచ్చ బారుకి వెళ్ళిపోయాయి, అది నాకు తప్పుగా అనిపించలేదు. రెండు ఇళ్ళు మనిషిని మార్చేశాయి. అందులో ఒకటి మా ఇంట్లో పనిచేసే ఆమె ఇల్లు, అయిదేళ్ళుగా చేస్తున్న ఇల్లు. అడగడానికి ముందుకొచ్చింది ఆమేనని వాళ్ళకి తెలిసింది. ఎలా తెలిసిందో నాకు తెలియదు. నేను మీటింగులో చదివిన కాగితంలో ఆమె పేరు లేదు గానీ పాలగిన్నె ఎవరిదో ఊహించడం కష్టం కాదు. ఆ విషయం ఆమెతో అంటే, "పోనీ మేడం, పిల్ల వచ్చేసరికి ఇంట్ల ఉంటున్న" అంది. ఆ మాట నన్ను క్షమించడమో కాదో తేల్చుకోలేదు.

మా ఇంట్లో ఏర్పాటు మారింది. బాత్రూములు ఆమె పని కాదు ఇప్పుడు, మా ఇద్దరిదీ. జీతం తగ్గించలేదు. కుంకుళ్ళ వారం ఒకటి నాది, ఒకటి నా సహచరుడిది. ఎంజైమ్ సీసా మూత రోజూ తీసి గాలి వదలడం పూర్తిగా ఆయన వంతు. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం.

సోమవారం నుంచి ఆయన తీయలేదు. ఇవాళ గురువారం. ఇది రాస్తున్న బల్ల దగ్గర నుంచి బాల్కనీ కనిపిస్తుంది. సీసా అడుగు గుండ్రంగా ఉబ్బి ఒక పక్కకి వాలింది. లేచి మూత తిప్పితే అయిదు సెకన్ల పని. తిప్పలేదు. కింద ఆరబెట్టిన బట్టలు మాత్రం తీసి లోపల పెట్టాను.